లాంగ్ టర్మ్ బెజవాడ

నీట్ ఫలితాలు వచ్చింది మొదలు కౌన్సెలింగ్ ఆఖరి రౌండు ముగిసేదాకా, విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల అడ్మిషన్ ఆఫీసుల్లో ఒకరినొకరు అడిగే మాట ఒకటే: ‘ఎంతలో పోయింది?’ పది మార్కుల్లో పోయిందని ఒక తండ్రి అంటాడు. ఫిజిక్సులో నాలుగు బిట్లు ఊహించి దిద్దినందుకు పోయిందని ఇంకొకాయన. ఎంబీబీఎస్ రాలేదు, బీడీఎస్ వచ్చినా చేరాలో వద్దో ఇంట్లో తేలలేదు అని ఒక తల్లి. పిల్లలు మాత్రం ఏమీ మాట్లాడరు, ర్యాంకు కార్డు ఉన్న ఫైలు పట్టుకుని కుర్చీ చివర కూర్చుంటారు.

‘ఇంకో ఏడాది చదివిద్దాం’ అనుకోవడం కృష్ణా డెల్టాలో ఏనాడో మామూలైపోయింది. ఆ ఏడాదికి లాంగ్ టర్మ్ అని పేరుంది, దానికో ఫీజుంది, హాస్టలుంది, పొద్దున్నుంచి రాత్రిదాకా టైంటేబులుంది. పెళ్లిలో కలిసిన బంధువు ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అని అడిగితే ‘లాంగ్ టర్మ్’ అంటే చాలు. ఆ తర్వాత అడిగేది ఏ క్యాంపస్ అనే.

అయితే ఇది తాతల నాటి ఆచారమేమీ కాదు. నిజానికి తాతల కాలంలో ఇది సాధ్యమయ్యేదే కాదు.

డెల్టా చదువుల గురించి రాసేవాళ్లు ఆనకట్టను తలుచుకోకుండా ముందుకు పోరు. ఇక్కడా తప్పదు, కాకపోతే క్లుప్తంగా. కాటన్ ప్రణాళికలో భాగంగా 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. రెండు పంటలు పండించిన రైతు ఇంట్లో మిగులు పోగయ్యింది, ఆ మిగులులో కొంత చదువులకు పోయింది. బందరు (మచిలీపట్నం)లో నోబుల్ బడి 1843కే ఉంది. బెజవాడకు 1937లో ఎస్‌ఆర్‌ఆర్ కాలేజీ, యాభైలలో లయోలా వచ్చాయి. డాక్టరు చదువుకు మాత్రం ఊరు దాటాల్సిందే: 1923లో మొదలైన విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ ఒకటి, 1946లో వచ్చిన గుంటూరు కాలేజీ ఇంకొకటి. దంతవైద్యం ఇంకా దూరం. మన దేశంలో తొలి డెంటల్ కాలేజీని డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో పెట్టారు. తెలుగువాళ్లకు చాలాకాలం హైదరాబాదులోని ప్రభుత్వ డెంటల్ కాలేజీయే దిక్కు.

ఆ రోజుల్లో సీట్లు ఇచ్చింది పీయూసీ, హెచ్చెస్సీ మార్కులను బట్టి. మార్కుల మీద ఎంపిక జరిగేచోట రెండో ప్రయత్నానికి చోటు దాదాపు ఉండదు. మార్చిలో రాసిన పేపరు మార్చిలోనే అయిపోయింది, సర్టిఫికెట్ మీద పడిన అంకె ఇక చెరగదు. సీటు రానివాడు బీఎస్సీలో చేరాడు, లేదా వ్యవసాయంలోకి దిగాడు, లేదా నాన్న దగ్గర డబ్బుంటే మణిపాల్ దారి పట్టాడు. ఇంట్లో కూర్చుని ఇంకో ఏడాది చదివితే ఆ అంకె మారదు కాబట్టి ఎవరూ కూర్చోలేదు.

ప్రవేశ పరీక్షతో ఈ లెక్క తలకిందులైంది. ఎంబీబీఎస్ ప్రవేశాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విడిగా పరీక్ష పెడితే, పీయూసీ, హెచ్చెస్సీ మార్కులుండగా మళ్లీ పరీక్ష ఎందుకని కొందరు కోర్టుకెక్కారు. కాలేజీలు నడిపే ప్రభుత్వానికి, సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైనప్పుడు తన పరీక్ష తాను పెట్టుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 1971లో తేల్చింది. న్యాయశాస్త్ర పుస్తకాల్లో అది కాలేజీ యాజమాన్యానికీ విశ్వవిద్యాలయానికీ మధ్య అధికారాల సంగతి. బెజవాడ తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే దాని ఫలితం వేరు. మార్కులు ఒక్కసారే వస్తాయి. పరీక్షను మళ్లీ రాయొచ్చు. లాంగ్ టర్మ్ అనే వ్యాపారానికి పునాది పడింది అక్కడే, అప్పటికి ఎవరూ గమనించకపోయినా.

పునాది పడినంత మాత్రాన ఇల్లు లేవలేదు. డెబ్బైలలో డబ్బున్న రైతు కుటుంబాలకు దగ్గరి దారి కన్నడ దేశం. దావణగెరె, గుల్బర్గా, బెంగళూరు ప్రైవేటు కాలేజీల్లో సీటు కొనుక్కోవచ్చు. బెజవాడలోనే 1980లో సిద్ధార్థ అకాడమీ మెడికల్ కాలేజీ పెట్టింది, తర్వాత అది ప్రభుత్వపరమైంది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయిన 1983లోనే కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. ప్రవేశం అర్హత పరీక్ష మార్కుల మీదో, ప్రవేశ పరీక్ష ర్యాంకు మీదో మాత్రమే జరగాలని అందులో రాశారు.

రాష్ట్రంలో తలుపు మూసుకుంటే డబ్బు పొరుగు రాష్ట్రానికి వెళ్లింది. ఎంత డబ్బో తెలియాలంటే కర్ణాటక ప్రభుత్వం 1989లో ఇచ్చిన ఉత్తర్వు చూడాలి. ప్రైవేటు మెడికల్ కాలేజీలో ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2,000 రూపాయలు, కర్ణాటక విద్యార్థికి 25,000, బయటి రాష్ట్రాలవాళ్లకు 60,000. ఆ మూడో అంకె మీదే మోహినీ జైన్ కేసు నడిచి, 1992లో సుప్రీంకోర్టు కాపిటేషన్ ఫీజును తప్పుపట్టింది. ‘బయటి రాష్ట్రాలవాళ్లు’ అన్న మాటలో మన కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల పిల్లలు ఎందరో ఉన్నారు.

1986 ఈ కథలో ముఖ్యమైన ఏడు. ఆ నవంబరు ఒకటిన ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయం విజయవాడలో మొదలైంది. రాష్ట్రంలోని మెడికల్, డెంటల్ కాలేజీలన్నీ దాని కిందికి వచ్చాయి. అదే ఏడాది అదే ఊళ్లో బొప్పన సత్యనారాయణరావు, ఆయన భార్య ఝాన్సీలక్ష్మీబాయి ఆడపిల్లల కోసం ఒక జూనియర్ కాలేజీ తెరిచారు. ఇద్దరూ డాక్టర్లే, ఇంగ్లండ్‌లో, ఇరాన్‌లో పనిచేసి వచ్చినవాళ్లు. ఆ కాలేజీయే శ్రీచైతన్య. సీట్లు పంచే ఆఫీసు, సీటుకు తయారుచేసే సంస్థ ఒకే ఊళ్లో ఒకే ఏడాది పుట్టడం కాకతాళీయమే. కానీ దాని ప్రభావం మాత్రం కాకతాళీయంగా మిగల్లేదు. నెల్లూరులో 1979లో లెక్కల కోచింగుగా మొదలైన నారాయణ కూడా తర్వాత బెజవాడకు విస్తరించింది. రెండు సంస్థలూ ఏళ్ల తరబడి పోటీ పడ్డాయి, ఒక దశలో చేతులు కలిపి ‘చైనా’ అన్న పేరుతో బ్యాచ్‌లు నడిపాయి, మళ్లీ విడిపోయాయి. టీవీలో ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అంటూ ర్యాంకులు చదివే ప్రకటనలు వినని తెలుగువాడు ఉండడు. వాటిని అనుకరించని మిమిక్రీ కళాకారుడూ ఉండడు.

మొదట ఆడపిల్లల కాలేజీగా ప్రారంభం కావడంలో ఒక లోకజ్ఞానం ఉంది. పల్లెటూరి తల్లిదండ్రులు కూతుర్ని పట్నంలో ఒంటరిగా ఉంచడానికి జంకుతారు. గేటు, వార్డెను, ఆదివారం మాత్రమే కలిసే పద్ధతి, ఇవన్నీ చూశాక ధైర్యం చేస్తారు. ఉయ్యూరు, గుడివాడ, పామర్రు, అవనిగడ్డ నుంచి వచ్చిన ఎందరో అమ్మాయిలు డాక్టర్లు కావడం వెనక ఆ గేటుకూ పాత్ర ఉంది. ఆ గేటు వల్ల నష్టపోయినవాళ్ల సంగతి తర్వాత.

రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంసెట్ స్వభావం లాంగ్ టర్మ్‌కు అచ్చంగా సరిపోయింది. మెడిసిన్ పేపర్లో 160 బిట్లు, మూడు గంటలు. బోటనీ నలభై, జువాలజీ నలభై, ఫిజిక్స్ నలభై, కెమిస్ట్రీ నలభై. తప్పుకు మార్కు కోయరు. సిలబస్ తెలుగు అకాడమీ పుస్తకాలు దాటదు. అంటే హద్దులున్న పుస్తకం, హద్దులున్న పరీక్ష. పుస్తకాన్ని ఎన్నిసార్లు తిప్పితే అంత వేగం, ఎంత వేగమైతే అన్ని బిట్లు. ఇంటర్ రెండేళ్లలో బోర్డు పరీక్షలకూ ఎంసెట్‌కూ కలిపి చదివిన విద్యార్థి, మూడో ఏడాది ఎంసెట్ ఒక్కదానికే చదివితే ర్యాంకు మెరుగుపడక తప్పదన్నది లెక్చరర్ల నమ్మకం. చాలామంది విషయంలో అది నిజమైంది కూడా.

ఆ ఏడాది ఎలా గడిచేదో క్యాంపస్‌లో ఉన్నవాళ్లందరూ ఒకేలా చెబుతారు. తెల్లవారకముందే స్టడీ అవర్. టిఫిన్, క్లాసులు, భోజనం, మళ్లీ క్లాసులు, సాయంత్రం స్టడీ, రాత్రి పదిదాకా స్టడీ. వారాంతంలో పరీక్ష. ఫలితం మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద, దాన్ని బట్టి సెక్షను మార్పు. పై సెక్షనుకు మంచి లెక్చరర్లు వస్తారని కింది సెక్షనువాళ్లకు తెలుసు. తప్పు చేసిన ప్రతి బిట్టును విడిగా ఒక నోటుబుక్కులో రాసుకోవాలి, ఎందుకు తప్పయ్యిందో పక్కన రాయాలి: తెలియక తప్పా, తెలిసీ తొందరలోనా, బబ్లింగ్‌లో గడి మారిందా. ఈ ‘ఎర్రర్ లిస్టు’ను లాంగ్ టర్మ్ కనిపెట్టిన అసలైన విద్యాపద్ధతిగా చెప్పాలి. మిగతావన్నీ మరిన్ని గంటలు కూర్చోబెట్టడమే. తన తప్పుల స్వభావం తాను గుర్తించడం ఒక్కటే మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ నిజమైన తేడా తెచ్చేది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని బయటివాళ్లు పట్టించుకోరు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం సీట్లలో 85 శాతం స్థానికులకే. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ పరిధి, రాయలసీమ, నెల్లూరు కలిపి శ్రీ వేంకటేశ్వర పరిధి. స్థానికత తేలేది అర్హత పరీక్ష, అంటే ఇంటర్, మొదటిసారి రాసిన ఏడాది వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి. ఆ తర్వాత ఎక్కడ కూర్చుని చదివినా అది మారదు. కడప కుర్రాడు కడపలో ఇంటర్ పూర్తిచేసి, బెజవాడలో లాంగ్ టర్మ్ చేసి, మళ్లీ ఎస్వీ పరిధిలోనే స్థానికుడిగా సీటు తెచ్చుకోవచ్చు. ఇంటర్ చదువుకు ఊరు మారితే ఉండే చిక్కు లాంగ్ టర్మ్‌కు లేదు. రాష్ట్రం నలుమూలల నుంచి రెండో ప్రయత్నంవాళ్లంతా ఒకే ఊరికి రావడానికి అడ్డు లేకపోవడానికి ఇదీ ఒక కారణం. గోసాల, ఈడుపుగల్లు, పోరంకి, గూడవల్లి, నిడమానూరు పరిసరాల్లో పొలాలు క్యాంపస్‌లయ్యాయి. చెరుకు, వరి పండిన నేలలో ఐదంతస్తుల హాస్టళ్లు లేచాయి. వాటి చుట్టూ జిరాక్సు షాపులు, బిర్యానీ పాయింట్లు, ఆదివారం వచ్చే తల్లిదండ్రుల కోసం లాడ్జీలు. ఊళ్లోని గైడు పుస్తకాల పబ్లిషర్లకు, బిట్ బ్యాంకులు వేసే ప్రెస్సులకు సీజన్ ఏడాది పొడవునా సాగింది.

1992లో కథ రాజకీయాల్లోకి ఎక్కింది. నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం ఇరవై దాకా ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు ఒకేసారి అనుమతులిచ్చింది. 1983 చట్టానికి సవరణ చేసి మరీ దారి వేశారు. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. అక్టోబరులో ముఖ్యమంత్రి దిగిపోయారు, కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి పదవి కాలేజీ సీట్ల మీద పోవడం అరుదు. ఈ ప్రాంతంలో సీటుకు ఉన్న బరువు ఎంతో అది చెబుతుంది. ఆ వివాదం నుంచే 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ తీర్పు వచ్చింది. ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం ‘ఫ్రీ’ సీట్లు, సగం ‘పేమెంట్’ సీట్లు. రెండూ మెరిట్ మీదే. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ పథకాన్ని తీసేసినా, కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, ఎన్నారై కోటా అన్న విభజన రూపంలో దాని నీడ మిగిలింది.

దీనితో ర్యాంకుకు డబ్బు విలువ వచ్చింది. ఒకే కాలేజీలో, ఒకే బెంచీ మీద, ఒకే లెక్చరర్ చెప్పే పాఠానికి ఒకరు కట్టేది వేలల్లో, పక్కవాడు కట్టేది లక్షల్లో. తేడా ర్యాంకు ఒక్కటే. అలాంటప్పుడు ఏడాది హాస్టలు ఫీజు భరించి, ఆ ర్యాంకును కొన్ని వేలు పైకి జరిపితే మిగిలేది ఎంతో రైతుకు వేళ్ల మీద లెక్క. లాంగ్ టర్మ్‌ను పిల్లల మీద రుద్దిన ఆశగా మాత్రమే చూసేవాళ్లు ఈ లెక్కను మరచిపోతారు. ఎకరం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనడమా, పావలా వడ్డీకి తెచ్చి ఇంకో ఏడాది చదివించడమా అన్నదే చాలా ఇళ్లలో నడిచిన చర్చ.

2000 తర్వాత డెల్టా చుట్టూ కాలేజీలు మొలిచాయి. చినకాకానిలో ఎన్నారై, గన్నవరం దగ్గర చిన అవుటపల్లిలో పిన్నమనేని సిద్ధార్థ మెడికల్ కాలేజీలు వచ్చాయి. డెంటల్‌లో విజయవాడ ప్రభుత్వ కాలేజీకి తోడు తక్కెళ్లపాడు సిబార్, చిన అవుటపల్లి సిద్ధార్థ, భీమవరం విష్ణు, ఏలూరు దగ్గర దుగ్గిరాల సెయింట్ జోసెఫ్. కౌన్సెలింగ్ రోజుల్లో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆవరణ జాతరలా ఉండేది. ర్యాంకు పిలిచే దాకా చెట్టు కింద పడిగాపులు, ఏ కాలేజీలో ఏ కేటగిరీలో ఎన్ని మిగిలాయో చూసుకుంటూ గుసగుసలు. ఎంబీబీఎస్ అయిపోయిందన్న కబురు బయటికి పొక్కిన క్షణం నుంచి బీడీఎస్ ప్రశ్న మొదలయ్యేది. చేరితే పళ్ల డాక్టరు, చేరకపోతే లాంగ్ టర్మ్. చేరి, మనసొప్పక, గడువులోగా మానేసి పుస్తకాలు సర్దుకున్నవాళ్లూ ఉన్నారు. గడువు దాటితే సీటు వదిలినందుకు జరిమానా కట్టాలి కాబట్టి ఆ నిర్ణయాలన్నీ ఆఖరి రోజు రాత్రే జరిగేవి.

బీడీఎస్‌ను రెండో రకంగా చూడటం డెల్టా పెద్దమనుషుల దురలవాటు. అందుకు శిక్ష దంతవైద్యానికే పడింది. 2020-21లో దేశం మొత్తం మీద ఏడు వేలకు పైగా బీడీఎస్ సీట్లు ఖాళీగా మిగిలితే, అర్హత పర్సంటైల్‌ను పది తగ్గించి నింపుకోమని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎంబీబీఎస్ సీటు కోసం మూడోసారి రాసేవాళ్లు ఒకపక్క, పిలిచి ఇస్తామన్నా డెంటల్‌కు రానివాళ్లు ఇంకోపక్క.

లాంగ్ టర్మ్‌లో ఏం చదవాలన్నది ఎప్పుడూ పరీక్ష పెట్టేవాడి చేతిలో ఉంది. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చిన రోజుల్లో, రెండోసారి రాసేవాడికి ఆ పావు వంతు పాతదే, చేయి దాటిపోయినది. మిగతా ముప్పావు వంతులోనే అంతా రాబట్టాలి. అందుకే ఇంటర్ బోర్డు పరీక్షల్లో ఒక్క మార్కు పోయినా ఇళ్లలో దుఃఖం అంతా ఇంతా కాదు. రెండో ఏడాదిలో మొదటి ఏడాది పేపర్లు మళ్లీ రాసే ‘ఇంప్రూవ్‌మెంట్’కు అంత గిరాకీ ఉండేది అందుకే.

ఆ తర్వాత నీట్ వచ్చింది, వచ్చిపోయి మళ్లీ వచ్చింది. తొలి నీట్ 2013 మే 5న జరిగింది. జులై 18న సుప్రీంకోర్టు దాన్ని చెల్లదంది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును వెనక్కి తీసుకుని, నెలాఖరున మే 1న ఒకటి, జులై 24న ఒకటి పరీక్ష పెట్టమంది. రాష్ట్రాలు గోల పెట్టగా మే 24న ఆర్డినెన్సు వచ్చింది, ఆ ఒక్క ఏడాదికి రాష్ట్ర పరీక్షలు నిలబడ్డాయి. ఇంటర్ చదివేవాళ్లకే అయోమయంగా ఉంటే, ఏడాది పొడవునా తెలుగు అకాడమీ పుస్తకం మీదే సాధన చేసిన లాంగ్ టర్మ్‌వాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. తెలంగాణలో ఇంకా అన్యాయం. జులైలో మెడిసిన్ కోసం పెట్టిన ఎంసెట్-2 పేపరు లీకై రద్దయింది, సెప్టెంబరు 11న ఎంసెట్-3 రాయించారు. ఒక్క ఏడాదిలో అన్ని పరీక్షలు రాసిన తరం అంతకుముందు లేదు, తర్వాతా రాలేదు.

రాష్ట్ర సీట్లకు 2017 నుంచి నీట్ ఒక్కటే. తెలుగులో రాసే వీలూ కల్పించారు. 720 మార్కులు, సరైన జవాబుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత, జీవశాస్త్రానిదే సగం వాటా. ఇంటర్ మార్కుల వెయిటేజీ పోయింది. తెలుగు అకాడమీ పుస్తకం పక్కకు జరిగి ఎన్‌సీఈఆర్‌టీ బల్ల మీదికొచ్చింది. ఎంసెట్‌లో తెలియని బిట్టుకు కూడా ఏదో ఒక గడి దిద్దడం నేర్పిన లెక్చరర్లే ఇప్పుడు వదిలేయడం నేర్పాల్సి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. తెలియనిదాన్ని వదిలేసే నిగ్రహం వయసుతో, అనుభవంతో వస్తుంది. ఒకసారి దెబ్బ తిన్నవాడికి అది తొందరగా వస్తుంది. లాంగ్ టర్మ్‌వాళ్లకు నీట్ కలిసొచ్చిన చోటు ఇదే.

ఎన్నిసార్లు రాయొచ్చన్నది కూడా మారుతూ వచ్చింది. 2017లో మూడు ప్రయత్నాలకే పరిమితం చేస్తామన్నారు. గగ్గోలు లేస్తే, లెక్క 2017 నుంచి మొదలన్నారు. గరిష్ఠ వయసు మీద ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచి, చివరికి 2022లో జాతీయ వైద్య కమిషన్ ఆ పరిమితినే తీసేసింది. దానితో రెండో ఏడాది మూడోది, నాలుగోది కావడానికి కట్టడి ఏదీ లేకుండా పోయింది. దాన్ని స్వేచ్ఛ అనుకునేవాళ్లు అనుకోవచ్చు. ఇంట్లో చెల్లెలు ఇంటర్‌కొచ్చేసిన పిల్లవాడికి అది అంత హాయిగా ఉండదు.

గేటు సంగతి చెప్పాలన్నాం కదా. జూనియర్ కాలేజీల్లో, కోచింగ్ హాస్టళ్లలో ఆత్మహత్యల మీద ప్రభుత్వాలు కమిటీలు వేశాయి. నీరదారెడ్డి కమిటీ అలాంటిది, 2017లో చక్రపాణి కమిటీ అలాంటిదే. గంటల తరబడి చదువు, ఆటస్థలం లేకపోవడం, మార్కుల వారీ సెక్షన్లు, ఇరుకు హాస్టళ్లు: ఫిర్యాదులు మాత్రం ఏళ్ల తరబడి ఇవే. పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దని, మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు వెనక్కివ్వాలని కేంద్రం 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. లాంగ్ టర్మ్ పిల్లలు సాధారణంగా ఆ వయసు దాటినవాళ్లే. వాళ్ల బరువు వేరు. తోటివాళ్లు కాలేజీ ఐడీ కార్డు మెడలో వేసుకుని వాట్సాప్‌లో ఫొటోలు పెడుతుంటే, వీళ్లు మళ్లీ అదే బోటనీ మొదటి పాఠం తెరవాలి. హాస్టల్లో ఫోను ఉండదు కాబట్టి ఆ ఫొటోలు సెలవుల్లో ఒక్కసారే కళ్లబడతాయి.

డెల్టా నుంచి బీడీఎస్ చేసినవాళ్లకు రెండో ప్రయత్నం ఇంకో ఖండంలో ఎదురవుతుంది. పెళ్లి చేసుకునో, చదువు కోసమో అమెరికా వెళ్లిన తెలుగు దంతవైద్యులకు అక్కడి చాలా రాష్ట్రాల్లో ఇక్కడి డిగ్రీతో నేరుగా లైసెన్సు రాదు. అక్కడి డెంటల్ స్కూల్లో రెండు మూడేళ్లు ‘అడ్వాన్స్‌డ్ స్టాండింగ్’ చదివి డీడీఎస్ గానీ డీఎండీ గానీ తెచ్చుకోవాలి. దరఖాస్తుల్లో చాలావరకు క్యాపిడ్ అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళ్తాయి. న్యూయార్క్ యూనివర్సిటీ, బోస్టన్, సదరన్ కాలిఫోర్నియా, మిషిగన్, ఎక్కడ చూసినా సీట్లు కొన్ని, దరఖాస్తులు బోలెడు. మొదటి సైకిల్‌లో ఒక్క ఇంటర్వ్యూ కాల్ కూడా రానివాళ్లు మామూలే.

బెజవాడ శిక్షణ అక్కడ సగమే పనికొస్తుంది. ఒకప్పుడు నేషనల్ బోర్డు పరీక్షల్లో స్కోరు ఇచ్చేవాళ్లు. తొంభైకి పైన తెచ్చుకున్న తెలుగు అమ్మాయికి తలుపులు తెరుచుకునేవి. అది మనకు తెలిసిన ఆటే, పుస్తకం తిప్పే కొద్దీ అంకె పెరిగే ఆట. 2012 నుంచి ఆ పరీక్షలు పాస్, ఫెయిల్‌గా మారిపోయాయి. 2020 ఆగస్టులో వాటి స్థానంలో వచ్చిన ఐఎన్‌బీడీఈ కూడా అంతే. ఇక ర్యాంకు లేదు. ‘ఎంతలో పోయింది?’ అని అడిగితే చెప్పడానికి అంకె లేదు.

అందుకని సీటు రాని ఏడాదిలో వాళ్లు చేసే పనులు లాంగ్ టర్మ్ గదిలో జరిగేవి కావు. దగ్గర్లోని క్లినిక్‌లో డెంటిస్టు పక్కన నిలబడి గంటల కొద్దీ షాడోయింగ్. బీమా లేని పేదలకు వైద్యం చేసే కమ్యూనిటీ క్లినిక్‌లో వాలంటీరు పని. వీసా అనుమతిస్తే డెంటల్ అసిస్టెంటుగా ఉద్యోగం. బెజవాడలో సొంతంగా పళ్లు తీసిన డాక్టరు అక్కడ వేరే డాక్టరుకు సక్షన్ పట్టుకోవడం మొదట్లో చిన్నతనంగా ఉంటుంది. కానీ ఆ డాక్టరు రాసిచ్చే సిఫారసు ఉత్తరానికి, విజయవాడ ప్రిన్సిపాల్ పది మందికీ ఒకే మాటలతో ఇచ్చిన ఉత్తరం కంటే విలువెక్కువ. కొందరు ప్రజారోగ్యంలో మాస్టర్స్‌లో చేరతారు. చదువుకు చదువు, అక్కడి ప్రొఫెసర్ల పరిచయానికి పరిచయం. ఇంటర్వ్యూకి పిలిచిన స్కూళ్లలో చాలావాటికి బెంచ్ టెస్టు ఉంటుంది. ప్లాస్టిక్ పంటిని నిర్ణీత సమయంలో, మిల్లీమీటరు తేడా లేకుండా కిరీటానికి చెక్కి చూపించాలి. పెళ్లయి, బిడ్డను కని, నాలుగేళ్లు హ్యాండ్‌పీస్ ముట్టనివాళ్లకు చేతి వాటం మళ్లీ తెచ్చుకోవడానికే నెలలు పడుతుంది. గ్యారేజీలో టైపోడాంట్ (నమూనా పళ్ల సెట్టు) బిగించుకుని సాధన చేసేవాళ్లున్నారు.

అన్నిటికంటే మనవాళ్లకు కష్టమైనది ఎస్‌ఓపీ, అంటే తన గురించి తాను రాసుకునే వ్యాసం. ఇంటర్ నుంచి బీడీఎస్ దాకా గడులు దిద్ది పైకొచ్చిన మనిషిని ‘నువ్వు దంతవైద్యం ఎందుకు ఎంచుకున్నావు?’ అని అడిగితే నిజమైన జవాబు ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి అన్నదే. అది రాయలేరు. చిన్నప్పుడు అమ్మమ్మకు పన్ను నొప్పి వచ్చిందన్న కథ మొదటి దరఖాస్తులో రాసినవాళ్లు, రెండోసారి క్లినిక్‌లో చూసిన రోగుల గురించి, చేసిన పని గురించి రాస్తారు. ఎందుకు తీసుకోలేదో చెప్పమని స్కూలుకు మెయిల్ రాస్తే కొన్ని జవాబిస్తాయి. దరఖాస్తులు విడతలుగా చూసే స్కూళ్లలో ఆలస్యంగా పంపడమే కారణమని తేలితే, రెండో ఏడాది తలుపు తెరిచిన తొలి వారంలోనే పంపుతారు. ఇదీ ఒక ఎర్రర్ లిస్టే. కాకపోతే దీన్ని ఏ లెక్చరరూ దిద్దడు, ఎవరికి వారే రాసుకోవాలి.

ఇక్కడ బెజవాడలో మాత్రం అంతా ఇంకా అంకెల మీదే. 2023 సెప్టెంబరులో మచిలీపట్నం, ఏలూరు, రాజమహేంద్రవరం, విజయనగరం, నంద్యాలలో ఒక్కోదానికి 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కృష్ణా జిల్లాలో నోబుల్ బడి పుట్టిన ఊరికి డాక్టరు చదువు వచ్చిందని బందరువాళ్లు సంతోషించారు. సీట్లు పెరిగాయి కదా, లాంగ్ టర్మ్ తగ్గుతుందని అనుకున్నవాళ్లూ ఉన్నారు. 2024 నీట్‌కు దేశం మొత్తం మీద 23 లక్షల మందికి పైగా హాజరయ్యారు. జూన్ 4న ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. గొడవలు, కోర్టులు, సవరణల తర్వాత ఆ సంఖ్య 17కు తగ్గింది. మార్కులు ఎంతగా ఉబ్బిపోయాయంటే, అంతకుముందు ఏడాదుల్లో అవలీలగా సీటు తెచ్చిపెట్టే స్కోరుతో జనరల్ కేటగిరీ పిల్లలు వెనక్కి తిరిగొచ్చారు. గోసాల, ఈడుపుగల్లు వైపు లాంగ్ టర్మ్ సెక్షన్లు మళ్లీ మొదలయ్యాయి.

2025 మే 4 పేపరు, ముఖ్యంగా ఫిజిక్స్, రాసి బయటికొచ్చిన పిల్లలు గేటు దగ్గరే ఏడ్చారు. దేశంలో మొదటి ర్యాంకుకే 686 మార్కులు. లాంగ్ టర్మ్ చేసి కూడా 2024 కంటే వంద మార్కులు తగ్గాయని ఇళ్లలో రెండు మూడు రోజులు ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు. ర్యాంకులు వచ్చాక చూస్తే ప్రభుత్వ సీట్ల కటాఫ్ కూడా వందకు పైగా పడిపోయింది. 2024లో ఎక్కువ మార్కులతో రాని సీటు ఈసారి తక్కువ మార్కులతో వచ్చినవాళ్లు కాలేజీల్లో చేరారు. అలా కూడా రానివాళ్లు ఆ జులై నాటికి బెంజి సర్కిల్‌లో ఫీజు రాయితీ ఎంతిస్తారని అడుగుతూ కనిపించారు.